చుక్కల యంత్రం, సిస్టమ్ సారు

తార్నాకలో మా అపార్ట్‌మెంట్‌లో ఎవరింట్లో టీవీ రిమోట్ పనిచేయకపోయినా ముందు నా తలుపే కొడతారు. తలుపు పక్కన పేరుపలక మీద 'ప్రొఫెసర్, ఎడ్యుకేషనల్ టెక్నాలజీ' అని ఉండడమే నేను చేసుకున్న పాపం. కింది అంతస్తు కమలమ్మగారు ఒకసారి మిక్సీ పట్టుకొచ్చారు.

"మీది టెక్నాలజీయేనంట గద మేడం, జర చూడున్రి" అన్నారు.

చూశాను. జార్ సరిగ్గా కూర్చోలేదు. కొంచెం తిప్పి పెట్టాను, తిరిగింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను స్వయంగా బాగుచేసిన యంత్రం అదొక్కటే.

నా పని యంత్రాలు బాగుచేయడం కాదు. బడుల్లోకి యంత్రాలు తెచ్చే మనుషుల్ని తయారుచేయడం. ప్రభుత్వ బడుల హెడ్మాస్టర్లు, టీచర్లు మా విశ్వవిద్యాలయం క్యాంపస్‌కు వచ్చేవారు. వాళ్ళను ఏడాదిపాటు కూర్చోబెట్టి 'విద్యా సాంకేతిక నాయకులు'గా మార్చి పంపాలి. ట్యాబ్ ఎలా తెరవాలో నేర్పడానికి నేను అక్కర్లేదు, వాళ్ళ పిల్లలు నేర్పుతారు. ఆ ట్యాబ్ వల్ల ఏ పిల్లకు మేలు, ఏ పిల్లకు కీడు, ఎవరు అసలు లెక్కలోకే రాకుండా పోతారు అని ముందుగా అడగడం నేర్పాలి. సమన్యాయం, బాధ్యతాయుత వినియోగం అని పాఠ్యప్రణాళికలో రాసుకున్నది దీన్నే. సమన్యాయాన్ని మా శిక్షణ కేంద్రంలో అందరూ 'ఈక్విటీ' అనేవారు. ఒక బ్యాచ్‌లో మొదటిరోజు ఈక్విటీ అంటే ఏమిటని అడిగితే, వెనక వరసలోంచి ఒక హెడ్మాస్టరు గారు ఠక్కున లేచి, "షేర్ మార్కెట్ మేడం" అన్నారు. ఆయన తప్పు లేదు. ఆ మాటను మేము వాడిన తీరు చూస్తే ఎవరికైనా అదే అనిపిస్తుంది.

ఈ రంగంలోకి కొత్తగా వస్తున్నవాళ్ళు నా ప్రమోషన్ల గురించి తెలుసుకోనక్కర్లేదు. ఒక డైరెక్టరు, ఒక సాఫ్ట్‌వేరు, ఒక టీచరు, ఒక పిల్ల. వాళ్ళ సంగతి చెబితే చాలు, ఉద్యోగం ఏమిటో తెలిసిపోతుంది.

బోర్డుకు బొట్టు

మా డైరెక్టరు నరహరి గారు చెడ్డవాడు కాదు. ఆయనకున్న జబ్బు ఒక్కటే, ప్రారంభోత్సవం. ఏ పనైనా మొదలైతే చాలు, పూర్తయినట్టే ఆయన లెక్క. మా కేంద్రంలో కత్తెర పోతే ఎవరూ వెతికేవారు కాదు, డైరెక్టరు గారి సొరుగులో రిబ్బను పక్కన ఉంటుందని అందరికీ తెలుసు.

క్యాంపస్‌కు స్మార్ట్‌బోర్డు వచ్చినప్పుడు జరిగింది చెబుతాను. గోడంత బోర్డు. ముట్టుకుంటే రాసేది. ముఖ్య అతిథి వచ్చేలోగా మా సూపరింటెండెంటు గారు భక్తిగా దాని అద్దానికి తడి పసుపు రాసి, మూడుచోట్ల కుంకుమ బొట్లు పెట్టారు. బంతిపూల దండ వేశారు. కొబ్బరికాయ మాత్రం దాని మీద కొట్టలేదు, అంతవరకు సంతోషం.

అతిథి గారు వచ్చి, బోర్డు మీద 'సమానత్వం' అని రాసి ప్రారంభించాలి. వేలు పెట్టారు. బోర్డుకు మాత్రం అప్పటికే మూడు వేళ్ళు దాని మీద ఉన్నట్టు లెక్క. తడిబొట్టును కూడా అది వేలే అనుకుంది. ఆయన ఇక్కడ 'స' రాస్తే ఆ బొట్టు నుంచి ఈ వేలిదాకా గీత పడింది. 'మా' రాసేసరికి సాలెగూడు తయారైంది. ఆయన వెనక్కి జరిగి, తల ఒక పక్కకు వాల్చి చూశారు.

"ఇదేంటండీ?"

"ఏఐ సార్" అన్నారు నరహరి గారు, కన్నార్పకుండా.

హాలంతా చప్పట్లు. నేనూ కొట్టాను, కొట్టకపోతే చుట్టూ ఉన్నవాళ్ళు చూస్తారు కదా.

ఆ తరవాత బోర్డును తడిగుడ్డతో తుడిచారు, దాంతో దానికి పూర్తిగా పిచ్చెక్కింది. బాగుచేయించాక గదికి తాళం వేశారు. విద్యార్థులు ముట్టుకుంటే పాడవుతుందని. ముట్టుకుంటే పనిచేసే బోర్డు ఎవరూ ముట్టుకోని గదిలో చాలాకాలం భద్రంగా ఉంది. కొత్త యంత్రానికి మొదటి శత్రువు విద్యార్థే అన్నది మన వ్యవస్థ ప్రగాఢ విశ్వాసం. మీరు ఎక్కడ చేరినా తాళంచెవి ఎవరి దగ్గరుందో మొదటిరోజే తెలుసుకోండి. ఆ సంస్థ ఆశయపత్రం చదవడం కంటే అది త్వరగా అయిపోతుంది, నిజమూ తెలుస్తుంది.

ఉచితం

నేను రిటైరవడానికి ముందు బ్యాచ్‌లో రజిత అనే టీచరు చేరింది. అంబర్‌పేట్ వైపు ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పేది. జనగామ దగ్గర రైతు కుటుంబం. చురుకైన మనిషి. అందరూ నోట్సు రాసుకుంటుంటే ఆమె ప్రశ్నలు వేసేది. కొత్త యంత్రం ఏదైనా చూస్తే ఆమె కళ్ళు మెరిసేవి. ఆ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, ఈ కథలో రజిత మొదటినుంచీ యంత్రాలకు ఎదురు తిరిగిన మనిషి అని మీరు అనుకోకూడదు. అందరికంటే ముందు ఆ సాఫ్ట్‌వేరును నమ్మింది ఆమే.

ఆ సాఫ్ట్‌వేరుకు గంభీరమైన సంస్కృత నామం ఒకటి ఉండేది. ఇక్కడ అక్కర్లేదు. మా బ్యాచ్ వాళ్ళు 'చుక్కల యంత్రం' అనేవారు. పదో తరగతి పిల్లల పేర్లు ఎక్కిస్తే, ఒక్కో పేరు పక్కన ఒక చుక్క పెడుతుంది. పచ్చచుక్క అయితే పాసవుతారు. పసుపు అయితే అనుమానం. ఎర్రచుక్క అయితే ఫెయిలవుతారు. పరీక్షలకు ఇంకా నెలలుండగానే చెప్పేస్తుంది. దాన్ని తెచ్చిన కంపెనీ తరఫున కార్తీక్ అనే కుర్రాడు వచ్చాడు. తెల్లబూట్లు, చేతిలో రిమోట్, మాటకు ముందు నవ్వు.

"మేడం, మేము ఫ్రీగా ఇస్తున్నాం" అన్నాడు.

"ఎందుకు నాయనా?" అని అడిగాను.

"ఈక్విటీ మేడం" అన్నాడు.

నరహరి గారు అప్పటికే కత్తెర తీశారు.

ఎవరైనా మీకు ఉచితంగా గేదెను ఇస్తానంటే, అది ఏం తింటుందో అడగండి. ఈ గేదె పిల్లల వివరాలు తింటుంది. ఏ పిల్ల ఎన్నిసార్లు యాప్ తెరిచింది, ఎంతసేపు వీడియో చూసింది, ఏ వేళకు హోంవర్కు పంపింది. పాలు ఎవరు తాగుతారన్నది కాగితం మీద ఎక్కడా లేదు. నేను రెండు ప్రశ్నలు రాసి ఇచ్చాను. ఇంట్లో ఫోను లేని పిల్లకు ఏ చుక్క పడుతుంది? చుక్క తప్పయితే ఎవరిని అడగాలి? 'పైలట్ దశలో పరిశీలిస్తాం' అని జవాబు వచ్చింది. పైలట్ అన్నాక విమానంలో ప్రయాణికులుంటారు కదా, వాళ్ళు పిల్లలు కదా అని ఎవరికీ తోచలేదు.

మా బ్యాచ్‌లో అందరికంటే ముందు తన క్లాసును ఎక్కించింది రజితే. మా దగ్గరికి వచ్చి, ఫోను తెరిచి, ఆనందంగా చూపించింది. "చూడున్రి మేడం, ఒక్క నొక్కుడుతోని క్లాసు మొత్తం కనవడుతది. ఎవర్ని పట్టించుకోవాల్నో నాకు సక్కగ తెలుస్తున్నది."

వార్డు, ప్రమాదం

ఆ క్లాసులో శ్రావణి అనే పిల్లకు ఎర్రచుక్క పడింది. ఎర్రచుక్క పడితే ఇంటికి మెసేజ్ దానంతటదే వెళుతుంది. ఇంగ్లీషులో రాసుకున్న వాక్యాన్ని యంత్రమే తెలుగు చేసి పంపుతుంది. శ్రావణి తండ్రి యాదగిరి తార్నాక నుంచి అంబర్‌పేట్ దాకా ఆటో నడుపుతాడు. ఇంట్లో ఒక్కటే ఫోను, అది ఆయన జేబులో ఉంటుంది. ఆ మధ్యాహ్నం మెసేజ్ వచ్చింది. కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయాడని, వెనక సీట్లో ఉన్న పెద్దావిడ చేత చదివించుకున్నాడు. ఆమె బిగ్గరగా చదివింది.

"ప్రియమైన తల్లిదండ్రులకు. మీ వార్డు శ్రావణి అధిక ప్రమాదంలో ఉన్నది. వెంటనే సంప్రదించండి."

వార్డు అన్నారు, ప్రమాదం అన్నారు. ఆ మనిషికి ఇంకేం కావాలి? పిల్లకు యాక్సిడెంటయింది, ఏదో దవాఖాన వార్డులో ఉన్నదనుకున్నాడు. ఆటోను అక్కడికక్కడే తిప్పాడు. వెనక కూర్చున్న పెద్దావిడ దిగాల్సిన చోటు ఎప్పుడో దాటిపోయినా నోరెత్తలేదు, పైగా "ఏం గాదు బిడ్డా, దేవుడున్నడు" అని ఓదారుస్తూ బడిదాకా వచ్చింది.

యాదగిరి చెప్పులు లేకుండా క్లాసులోకి దూసుకొచ్చేసరికి శ్రావణి కిటికీ పక్కన కూర్చుని జామకాయ కొరుకుతోంది. తండ్రి గుమ్మంలోనే కూలబడ్డాడు. పిల్ల హడలిపోయింది. క్లాసంతా నవ్వింది. రజితే ఆయనను లేపి, నీళ్ళిచ్చి, విషయం చెప్పింది. వార్డు అంటే బడి ఇంగ్లీషులో పిల్లే, ప్రమాదం అంటే ఆ ప్రమాదం కాదు, పిల్ల పరీక్ష తప్పే అవకాశం ఉందని కంప్యూటరు ముందుగా చెప్పింది, అంతే అని.

నవ్వులాట అక్కడితో అయిపోతే ఇది రాయనక్కర్లేదు. మర్నాడు శ్రావణి బడికి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. కాచిగూడలో వాళ్ళ చుట్టాల చీరల కొట్టులో మడతలు పెట్టే పనికి పెట్టాడు తండ్రి. ఎట్లాగూ ఫెయిలయ్యే పిల్లకు అందరి ముందు ఆ అవమానం ఎందుకని.

రజిత క్యాంపస్‌కు వచ్చింది. నా గదిలో ఫోను బల్ల మీద బోర్లా పెట్టి కూర్చుంది.

"వాళ్ళ డాడీకి ఫోన్ చేసిన మేడం. 'కంప్యూటరే చెప్పినంక మనమెంత టీచరమ్మా' అంటున్నడు. గా పిల్ల ఎన్నడు ఫెయిల్ గాలే మేడం. ఒక్క లెక్కలల్ల జర వీకు, గంతే. యాప్ తెరుస్తలేదని ఎర్రచుక్క పెట్టింది. తెరవడానికి ఫోనేది?"

"మరి నీకు ఆ చుక్క పడ్డప్పుడే అనుమానం రాలేదా అమ్మా?" అన్నాను.

"రాలే మేడం." తల దించుకుంది. "చుక్కనే చూసిన."

ఆ ఏడాది ఆ బ్యాచ్‌లో నేను విన్న అతి విలువైన వాక్యం అది. దాన్ని పాఠ్యపుస్తకంలో పెట్టే వీలు మాత్రం లేకపోయింది.

కమిటీ

ఇద్దరం కలిసి నరహరి గారి గదికి వెళ్ళాం. ఆయన శ్రద్ధగా విన్నారు. ఆయన వినేటప్పుడు కళ్ళు మూసుకుంటారు. తెరిచాక అన్నారు.

"చాలా సీరియస్ ఇష్యూ. ఈక్విటీ మన డీఎన్ఏలోనే ఉన్నది మేడం. వెంటనే ఒక కమిటీ వేద్దాం."

"ఆ అమ్మాయి ఇప్పుడు చీరల కొట్టులో ఉందండీ. కమిటీ కూర్చునేసరికి పరీక్ష ఫీజు గడువు దాటిపోతుంది" అన్నాను.

"అందుకే వెంటనే అంటున్న."

కమిటీ వేశారు. అధ్యక్షుడు ఆయనే. సభ్యుల్లో కార్తీక్ ఒకడు. మొదటి సమావేశంలో కమిటీకి పేరు పెట్టే విషయం మీద చర్చ జరిగింది. రెండో సమావేశంలో ఎరుపు రంగు పిల్లల మనసు నొప్పించే ప్రమాదముందని గుర్తించి, ఆ చుక్కను 'పగడపు వన్నె'లోకి మార్చాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. బిస్కెట్లు బాగున్నాయి.

కమిటీలకు పోవద్దని నేను చెప్పను. వెళ్ళండి. అయితే కమిటీ జరుగుతున్నప్పుడు పిల్ల ఎక్కడుందో తెలిసిన మనిషి ఒక్కరైనా ఆ బల్ల దగ్గర ఉండేలా చూసుకోండి. మా బల్ల దగ్గర రజితకు కుర్చీ వేయలేదు. శిక్షణలో ఉన్నవాళ్ళు సభ్యులు కాకూడదని నియమం.

సిస్టమ్ సారు

మొదటి సమావేశం అయిన సాయంత్రమే రజిత నన్ను తార్నాకలో ఆటోలు ఆగే చోటికి తీసుకెళ్ళింది. పక్కన ఇరానీ హోటల్లో యాదగిరి చాయ్ తాగుతున్నాడు. మమ్మల్ని చూడగానే లేచి కుర్చీలు తుడిచాడు. మర్యాదస్తుడు. కానీ మాట మాత్రం కదలలేదు.

"సార్లు చెప్తే కోపంల అన్నరేమో అనుకుంటుంటి మేడం. టీచరమ్మ చెప్తే మా పిల్ల అంటే పడదేమో అనుకుంటుంటి. కంప్యూటర్‌కు మా పిల్లతోని ఏం పగ? అది అబద్ధమెందుకు చెప్తది?"

నేను సిద్ధం చేసుకున్న ఉపన్యాసమంతా ఆ ఒక్క మాట దగ్గర ఆగిపోయింది. సాంకేతికత మీద ప్రజలకున్న నమ్మకం గురించి పెద్ద పెద్ద సదస్సుల్లో మాట్లాడినదాన్ని. ఆ నమ్మకం ఇంత స్వచ్ఛంగా, ఇంత భయంకరంగా ఉంటుందని ఆ చాయ్ బల్ల దగ్గరే చూశాను.

రజిత వాదించలేదు. "అన్నా, మా మాట నమ్మకు. మెసేజ్ కింద ఒక నంబర్ ఉన్నది చూడు. దానికి ఫోన్ చేసి, మా పిల్ల ఎందుకు ఫెయిల్ అయితదని నువ్వే అడుగు. సక్కగ చెప్తే మేము వాపస్ పోతం" అంది.

యాదగిరి నంబరు నొక్కి, స్పీకరు పెట్టాడు. సంగీతం వచ్చింది. చాలాసేపటికి ఒక అమ్మాయి గొంతు వినబడింది.

"నమస్కారం, మీకు ఎలా సహాయపడగలను?"

"అమ్మా, నేను శ్రావణి వాళ్ళ డాడీని. మా పిల్ల ఫెయిల్ అయితదని మీరు మెసేజ్ పెట్టిన్రు. ఎందుకయితదో జర చెప్పు తల్లీ."

"సార్, అది సిస్టమ్ పంపిన మెసేజ్ సార్."

"సిస్టమ్ సారు ఉన్నడా? ఆయనకియ్యి, మాట్లాడుత."

"సార్, సిస్టమ్ అంటే మనిషి కాదు సార్. సాఫ్ట్‌వేర్."

"సరే. గా సాఫ్ట్‌వేర్‌కు మా పిల్ల ఎట్ల తెలుసు? చూసిందా?"

"చూడదు సార్. యాప్ ఎన్నిసార్లు ఓపెన్ చేశారో దాన్నిబట్టి చెబుతుంది."

యాదగిరి ఫోను కొంచెం దూరంగా పెట్టుకుని ఆలోచించాడు. పక్క బల్లల మీదివాళ్ళు కూడా చాయ్ ఆపి వింటున్నారు.

"అమ్మా, యాప్ నా ఫోన్ల ఉన్నది. ఫోన్ నా జేబుల ఉన్నది. పొద్దుగాల నుంచి నేను ఆటోల ఉంట. మరి యాప్ తెరువనిది ఎవరు?"

అవతల కీబోర్డు టకటకలు వినబడ్డాయి.

"మీరే సార్."

"అంటే ఫెయిల్ అయితున్నది నేను!"

హోటలంతా గొల్లుమంది. అవతలి అమ్మాయి మాత్రం శిక్షణ పొందిన అమ్మాయి. "మీ అభిప్రాయం నమోదు చేసుకున్నాం సార్. ఈ కాల్‌కు ఎన్ని స్టార్లు ఇస్తారు?" అని అడిగింది.

యాదగిరి నవ్వలేదు. ఫోను జేబులో పెట్టుకుని, చాయ్ కప్పు వైపు చూస్తూ కూర్చున్నాడు.

"నా పిల్లను అడుగుడు మరిచిన మేడం. ఫోన్‌నే అడిగిన" అన్నాడు చివరికి. "లేవున్రి, కాచిగూడ పోదాం."

ఆయన ఆటోలోనే వెళ్ళాం. కొట్టులో శ్రావణి తనకంటే ఎత్తున్న చీరల దొంతర వెనక నిలబడి మడతలు పెడుతోంది. తండ్రి వెళ్ళి, "నడు బిడ్డా, రేపటిసంది బడికి" అన్నాడు. పిల్ల సంతోషంతో గెంతుతుందనుకున్నాను. గెంతలేదు. చేతిలో చీర అలాగే పట్టుకుని తండ్రి ముఖంలోకి చూసింది.

"మళ్ళ మెసేజ్ వస్తే?"

"వస్తే అది నాకు వచ్చినట్టు. నీకు గాదు" అన్నాడు యాదగిరి.

అప్పుడు చీర మడత పూర్తిచేసి, దొంతరలో పెట్టి వచ్చింది.

ఆ వారం బడిలో తల్లిదండ్రుల సమావేశం జరిగింది. ఎర్రచుక్క పడిన పిల్లల తల్లిదండ్రులందరికీ రజిత ఒకటే చెప్పింది. "నమ్మొద్దని నేను అంటలేను. ఫోన్ చేసి కారణం అడగున్రి." అడిగారు. మార్కెట్లో కూరగాయలమ్మే తల్లులు, లాలాగూడ రైల్వే వర్క్‌షాపుకు పోయే తండ్రులు, ఒక తాతయ్య అయితే రోజూ చేశాడట, ఆయనకు ఆ సంగీతం నచ్చింది. కార్తీక్ పరుగెత్తుకుంటూ క్యాంపస్‌కు వచ్చాడు. తెల్లబూట్లకు మట్టి అంటుకుంది.

"మేడం, మా వాళ్ళందరూ పొద్దస్తమానం పేరెంట్స్‌తోనే మాట్లాడాల్సి వస్తోంది!"

"విద్యారంగంలోకి స్వాగతం నాయనా" అన్నాను.

ఆ నెలలోనే మెసేజ్‌లు ఆగిపోయాయి. మూడో కమిటీ సమావేశంలో ఆ ఘనత కమిటీకి దక్కింది.

మిగతా సగం

బ్యాచ్ ముగింపు సభకు కంపెనీ ఒక వీడియో తయారుచేసింది. అంతకుముందే బడికి వచ్చి పిల్లలతో మాట్లాడించి తీసుకెళ్ళారు. శ్రావణికి శాలువా కప్పాలని నరహరి గారు తండ్రీకూతుళ్ళను పిలిపించారు. యాదగిరి ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు వరసలో బిగుసుకుని కూర్చున్నాడు.

దీపాలు ఆర్పారు. తెర మీద శ్రావణి ముఖం. "ఆ మెసేజ్ వచ్చినంక నా జీవితమే మారిపోయింది" అంది. వెంటనే వేణుగానం. ఉదయిస్తున్న సూర్యుడు. పరుగెత్తుతున్న పిల్లలు, వాళ్ళు మా పిల్లలు కారు, ఎక్కడివాళ్ళో. కంపెనీ గుర్తు. చప్పట్లు.

నా పక్కన రజిత కొయ్యలా కూర్చుంది. "మేడం, షూటింగ్ అప్పుడు నేను గాడనే ఉన్న. పిల్ల గక్కడ ఆపలే" అంది నెమ్మదిగా.

శిక్షణ పొందినవాళ్ళ తరఫున మాట్లాడాల్సింది ఆమే. వేదిక ఎక్కింది. మైకు తీసుకుంది. రాసుకొచ్చిన కాగితం మడిచి పక్కన పెట్టింది.

"వీడియో సగమే వేసిన్రు. మిగతా సగం ఈడనే ముందు వరసల కూసున్నది. నా టైములో శ్రావణి మాట్లాడుతది."

నరహరి గారు గడియారం చూశారు. "రజిత గారూ, టైం షార్ట్ ఉన్నది, అవతల టీ చల్లారిపోతున్నది..."

"నా టైమే సార్. టీ కూడ నాకు ఒద్దు."

శ్రావణి తండ్రి వైపు చూసింది. ఆయన తల ఊపాడు. పిల్ల వేదిక ఎక్కి, మైకును కిందికి వంచుకుంది.

"ఆ మెసేజ్ వచ్చినంక నా జీవితమే మారిపోయింది. మా డాడీ నన్ను బడి మాన్పించి చీరల కొట్టుల పెట్టిండు. గిదే నేను చెప్పింది. వాళ్ళు ముందుది ఉంచిన్రు, వెనకది తీసేసిన్రు." ఊపిరి పీల్చుకుంది. "నాకు లెక్కలు రావు సార్. గది నిజమే. కానీ గా మెసేజ్‌ల లెక్కల ముచ్చటే లేదు. నీకు ఏం వస్తలేదు అని ఎవరన్న అడిగితే చెప్తుంటి. ఎవరు అడగలే."

ఎవరూ అడగలేదన్న మాట అన్నప్పుడు ఆ పిల్ల ఎవరినీ చూడలేదు. అయినా లెక్కల టీచరు తన పక్కనే నిలబడి ఉంది. రజిత కళ్ళు తిప్పుకోలేదు, సంజాయిషీ చెప్పుకోలేదు. పిల్ల చేయి పట్టుకుని అలాగే నిలబడింది.

కార్తీక్ తన బూట్లు చూసుకుంటున్నాడు. ఇన్నాళ్ళకు ఒక సభలో నిజం పలికింది, ఇక ఏదో జరుగుతుందని నేను ఎదురుచూశాను. జరిగింది. నరహరి గారు లేచి నిలబడి, రెండు చేతులూ పైకెత్తి చప్పట్లు మొదలుపెట్టారు.

"ఇదీ మన ఈక్విటీ! లబ్ధిదారుకే మైకు ఇచ్చిన కేంద్రం దేశంలో ఇంకెక్కడన్న ఉన్నదా?"

హాలంతా చప్పట్లతో దద్దరిల్లింది. ఆ ఏటి నివేదికలో 'విద్యార్థి గళానికి వేదిక' అన్న శీర్షిక కింద ఫొటో పడింది. శాలువా పట్టుకున్న డైరెక్టరు గారు స్పష్టంగా కనిపిస్తారు. శ్రావణి సగం కనిపిస్తుంది.

చివరికి ఏమైంది

కొత్తవాళ్ళు ఇలాంటి ముగింపుల దగ్గర కుంగిపోతారు. పై అధికారి సిగ్గుపడతాడని, కంపెనీ పశ్చాత్తాపపడుతుందని ఎదురుచూస్తారు. వాళ్ళ పశ్చాత్తాపం మీద మన పని ఆధారపడితే మనం బతకలేం. పిల్ల బడిలో ఉందా లేదా, అది చూసుకోండి.

శ్రావణి ఉంది. రజిత రోజూ బడి మొదలయ్యే ముందు ఆమెనూ, ఆమెలాంటి మరికొందరినీ కూర్చోబెట్టుకుని, ఏది రావడంలేదో వాళ్ళచేతే చెప్పించుకుని, అక్కడినుంచి చెప్పింది. పదో తరగతి పాసయింది. లెక్కల్లో అత్తెసరు, తెలుగులో చాలా మంచి మార్కులు. చుక్కల యంత్రంలో మాత్రం ఆమె పేరు పక్కన చివరిదాకా పగడపు వన్నె చుక్కే ఉంది, యాప్ తెరవలేదు కనుక.

నరహరి గారు రిటైరయ్యాక బాధ్యతాయుత సాంకేతికత మీద ఊరూరా ఉపన్యాసాలిస్తున్నారు. బాగా మాట్లాడతారని విన్నాను. రజితకు శిక్షణ చివర 'బి' గ్రేడు వచ్చింది. కారణం, ఆమె బడిలో యాప్ వాడకం తగ్గిందట.

ఆ 'బి' గ్రేడు మనిషినే నా తరవాత వచ్చిన మేడం పట్టుబట్టి శిక్షణకు పిలిపిస్తోంది. మొన్న కొత్త బ్యాచ్ మొదటిరోజు నన్ను కూడా రమ్మన్నారు. ఆటో దిగి, వేపచెట్ల నీడన నడిచి, క్లాసులో వెనక బెంచీలో కూర్చున్నాను. రజిత స్మార్ట్‌బోర్డు ముట్టుకోలేదు, నల్లబల్ల దగ్గరికి వెళ్ళింది. మీ బడిలో ఏ యంత్రం పెట్టినా, అది తప్పు చెప్తే తల్లిదండ్రులు ఎవరికి ఫోన్ చేయాలో ఇక్కడ రాయండి అంది. ఒక హెడ్మాస్టరు గారు వచ్చి కంపెనీ పేరు రాశారు.

"పేరు గాదు సార్, నంబరు. మీ నంబరు."

"నాదెందుకమ్మా? సాఫ్ట్‌వేరు నేను చేసింది గాదు గదా?"

"పిల్లలు మీవాళ్ళే గద సార్" అంది రజిత.

ఆయన గొణుక్కుంటూ నంబరు రాసి, చేతులు దులుపుకుని వెళ్ళి కూర్చున్నారు. రజిత బల్ల వైపు చూసి అంకెలు లెక్కపెట్టింది. ఒకటి తక్కువుంది. ఆయన దగ్గరికి నడిచి వెళ్ళి, సుద్దముక్క మళ్ళీ ఆయన చేతిలో పెట్టింది.